రేడియో తీగల గూడు

రండి, రండి, దగ్గరకు జరగండి. వెనకున్నవాళ్ళకు వినపడదు. ఊఁ, కూర్చున్నారా?

వాగు ఒడ్డున తుమ్మచెట్టుకు ఒక కుర్ర గిజిగాడు గూడు అల్లుతున్నాడు. గిజిగాళ్ళలో ఒక ఆచారం ఉంది. మగపక్షి సగం గూడు అల్లి ఆగాలి. ఆడపక్షి వచ్చి, వేలాడి, లాగి చూసి, నచ్చితేనే కాపురానికొస్తుంది. కుర్రాడి గూళ్ళు అప్పటికే రెండు ఎవరికీ నచ్చలేదు. వానలేమో దగ్గరపడ్డాయి.

ఈసారి వాడు ఎవరో పారేసిన రేడియోలోంచి ఎర్ర తీగలు, నీలి తీగలు పీక్కొచ్చాడు. సాలీడు వల ముందు కూర్చుని కొలతలు నేర్చుకున్నాడు. గూటి నిండా ఒకే తీరు గళ్ళు, గడిలో మళ్ళీ గడి.

"గడ్డికి కరువొచ్చిందట్రా?" అని పక్క కొమ్మ మీది తాత గిజిగాడు ఎగతాళి చేశాడు.

ఆడపక్షి వచ్చింది. తల అటూ ఇటూ తిప్పి, "ఎంత బాగుందయ్యా!" అంది. తర్వాత గూడు పట్టుకుని వేలాడింది. నున్నటి తీగ ముడి సర్రున జారింది.

"ముచ్చటగానే ఉంది. కానీ నా గుడ్లు నేలపాలవుతాయి. జారకుండా చూడు, పొద్దు గూకేలోగా మళ్ళీ వస్తా."

కుర్రాడు ఆలోచించాడు. తీగ జారుతుంది, గడ్డి పట్టుకుంటుంది. తీగలు కలిసే ప్రతిచోటా, తాత నేర్పిన పాత ముడినే పచ్చగడ్డితో బిగించాడు.

ఆమె వచ్చి లాగింది. ఊగింది. లోపలికెళ్ళి కూర్చుంది.

తాత మెల్లగా దగ్గరకు జరిగాడు. "అదెట్లా నిలిచిందిరా? ఆ నీలి తీగ ఇంకేమైనా మిగిలిందా?"

ఇక లేవండి. గిజిగాడి గూడు కనిపిస్తే కిందనుంచే చూడండి, రాయి వేయకండి. పోండి, అన్నాలు చల్లారిపోతాయి.