చెక్కల తగువు

అక్షరం తప్పిపోతే సర్దుకుని చదవండి. రాయడం నేర్చింది ఈమధ్యనే. చెయ్యి ఇంకా నెమ్మదిగానే నడుస్తుంది.

సెలవులకు సముద్రం ఒడ్డున ఏ రిసార్టుకు వెళ్లాలన్న మాట ఎత్తేసరికి ఇంట్లో తలోదారి అయింది.

పెద్దకోడలి భర్తకు బారుగా వంటలు పరిచే భోజనాల హాలు కావాలి. మరిదికి ఈత కొలను కావాలి. ఆడపడుచుకు గదులన్నీ పక్కపక్కనే ఉండాలి, అలాగని మరీ పక్కన ఉండకూడదు.

వెతికే పని మాత్రం పెద్దకోడలిదే.

చక్రాల కుర్చీలో కూర్చున్న అత్తగారు అందరి గోలా వింది. మర్నాడు కోడలు జడ వేస్తుంటే మెల్లగా నోరు విప్పింది.

“సముద్రంలో ఒక్కసారి కాళ్లు పెట్టాలని ఉందమ్మా. కుదరకపోతే మానెయ్.”

కాళ్లు పడిపోయాక ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ఇక కోడలు పట్టు పట్టింది. కనిపించిన ప్రతి రిసార్టుకూ ఫోన్ చేసి, చక్రాల కుర్చీ నీళ్లదాకా వెళ్తుందా అని ఒకటే ప్రశ్న వేసింది. ఒకరు నవ్వారు. ఒకరు ఇసుకలో ఎలా వెళ్తుందండీ అని ఎదురడిగారు. ఇంకొకరు మనుషుల్ని పెట్టి మోయిస్తామన్నారు.

“నేనేమైనా బీరువానా?” అంది అత్తగారు.

చివరికి ఒక పెద్ద రిసార్టువాళ్లు, భేషుగ్గా వెళ్తుందండీ అన్నారు.

గదులు చూసి అడ్వాన్సు కట్టి రావడానికి కోడలు ఒక్కతే బయల్దేరింది. బస్సు ఆలస్యం. దారంతా ఫోన్లు. కొలను లోతెంతో కనుక్కోమని మరిది, బాత్రూముల్లో బకెట్లున్నాయో లేదో చూడమని ఆడపడుచు. ఆమె కౌంటరు దగ్గరికి చేరేసరికి తిరుగు బస్సు వేళ కావస్తోంది.

అక్కడ అప్పటికే ఒకావిడ మేనేజరుతో తగువు పడుతోంది.

అరవై దాటిన మనిషి. భుజానికి సంచి. కౌంటరు మీద మోచేతులు ఆనించిన తీరు చూస్తే ఇప్పట్లో కదిలేలా లేదు.

ఆ చెక్కలు తీయడానికి వీల్లేదని ఆవిడ. పెళ్లి ఫొటోలకు అడ్డొస్తున్నాయని మేనేజరు. అయితే ఇటు తిరిగి తీసుకోమనండని ఆవిడ. ఇది పైవాళ్ల నిర్ణయమని మేనేజరు. అయితే ఆ పైవాళ్లను కిందికి పిలవమని ఆవిడ.

చెప్పిందే చెప్పడం, మళ్లీ మొదటికి రావడం.

ఏం చెక్కలో, ఎక్కడివో కోడలికి తెలియదు. తెలుసుకునే ఓపికా లేదు. ప్రతి కౌంటరు దగ్గరా ఇలాంటివాళ్లు ఒకరుంటారు, సరిగ్గా నేను వచ్చినప్పుడే ఉంటారు అనుకుంది.

బస్సు అందుకోవాలి, కాస్త జరగమని అడిగింది.

“ఒక్క నిమిషం తల్లీ,” అని ఆవిడ మళ్లీ మొదలుపెట్టింది.

ఆ ఒక్క నిమిషం జీడిపాకంలా సాగింది. మేనేజరు కూడా విసిగిపోయి కోడలి వైపు తిరిగాడు.

“మీరే చెప్పండి మేడం. రేపు వచ్చి ఉండేది మీరు. ఆ చెక్కలు మీకేమైనా కావాలా?”

“మాకెందుకండీ చెక్కలు? పీకి పారెయ్యండి. ముందు మా గదుల సంగతి చూడండి.”

ఆవిడ అప్పుడు వెనక్కి తిరిగి కోడలిని చూసింది. ఆ చూపులో కోపం లేదు. సంచి సర్దుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.

పీడ వదిలిందనుకుంది కోడలు. గదులు చూసింది, లిఫ్టు చూసింది, బకెట్లు చూసింది. బాల్కనీలోంచి సముద్రం కూడా చూసింది. డబ్బు కట్టి బస్సెక్కింది.

సెలవులు వచ్చాయి. దిగిన మర్నాడు పొద్దున్నే కోడలు అత్తగారి చెప్పులు విప్పి, కుర్చీ తోసుకుంటూ సముద్రం వైపు నడిచింది.

సిమెంటు దారి అయిపోగానే చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. భర్త తోశాడు. మరిది లాగాడు. చక్రాలు ఇంకాస్త దిగాయి. అలలు అక్కడ, అత్తగారు ఇక్కడ.

“పోనీలేమ్మా. ఇక్కణ్ణుంచీ బాగానే కనిపిస్తోంది,” అంది అత్తగారు.

కోడలికి ఒళ్లు మండిపోయింది. అటుగా వచ్చిన తోటమాలిని పట్టుకుని, కుర్చీ నీళ్లదాకా వెళ్తుందని చెప్పి మోసం చేస్తారా అని కడిగిపారేసింది.

“వెళ్లేదేనమ్మా. మొన్నమొన్నటిదాకా అలల అంచు వరకూ చెక్కలు పరిచి ఉండేవి. తీసేయించారు.”

కోడలి చేతులు కుర్చీ పిడి మీదే బిగుసుకుపోయాయి.

అతనే చెప్పుకొచ్చాడు. భర్తను చక్రాల కుర్చీలో తీసుకొచ్చే ఒకావిడ పోరగా పోరగా వేసిన చెక్కలట అవి. ఏటా ఎవరో ఒకరు తీసేద్దామనడం, ఏటా ఆవిడ వచ్చి అడ్డుపడటం. ఈసారే ఎందుకో ఆవిడ మాట చెల్లలేదట.

“మరి ఇకమీదట ఆయన్ని నీళ్లదాకా ఎలా తీసుకెళ్తుంది, పాపం?” అంది అత్తగారు.

తోటమాలి చెక్కలు తీసేసిన చోటికేసి చూశాడు.

“ఆయన పోయి చాలా ఏళ్లయిందమ్మా. ఆ చెక్కల కోసం ఏటా ఆవిడ ఒక్కతే వచ్చేది.”

— అందరికీ పెద్దమ్మను. డెబ్బై రెండేళ్లు. ఇప్పుడుండేది చెల్లెలి కూతురింట్లో, కింది వాటాలో.