రెండో తాడు

బాబాయ్ తడిగుడ్డతో తాళ్లు తుడుస్తున్నాడు.

తుడవడమంటే ఊరికే దులపడం కాదు. జానెడు జానెడు చొప్పున గుడ్డలోంచి లాగుతూ, ఎక్కడైనా పోగు తెగిందేమోనని బొటనవేలితో తడిమి చూడటం. ఎత్తయిన మేడలకు అద్దాలు తుడిచే ముఠాకి ఆయన మేస్త్రీ. పాతికేళ్లుగా ప్రతి పొద్దునా ఇదే వరస.

"నీ తాడు కూడా చూశాను. తీసుకో," అన్నాడు.

"నాకెందుకు బాబాయ్?"

అమ్మాయి నేలకి మూరెడు పైన తేలుతూ జడ వేసుకుంటోంది.

తండ్రి పోయిన నాటి నుంచి ఆమెని పెంచింది ఈ బాబాయే. పదిహేడో ఏట ఉన్నట్టుండి ఒకరోజు గాల్లోకి లేచింది. ఈ రెండేళ్లలో మంటల్లోంచి ముగ్గుర్ని, వరదలోంచి ఒక ముసలమ్మని ఎత్తుకొచ్చింది. పేపర్లవాళ్లు 'గాలిపిల్ల' అని పేరు పెట్టారు.

అయినా పొద్దున్నే బాల్చీ పట్టుకుని బాబాయ్ వెనకాల పనికి పోవాల్సిందే. "లోకాన్ని కాపాడటం జీతం లేని ఉద్యోగమమ్మా," అంటాడాయన.

"పిట్ట ఎక్కడైనా తాడు కట్టుకుని ఎగురుతుందా?"

"పిట్టని చూసి ఎవరూ దూకరు. నిన్ను చూసి దూకుతారు."

"నీకు భయం. ఒప్పుకోలేక నాకీ తాళ్ల పాఠాలు."

బాబాయ్ నవ్వేశాడు. "భయమే అనుకో. బెల్టు పెట్టుకో, తాడు కట్టుకో."

ఆమె రెండూ భుజాన వేసుకుంది. పని దగ్గరికి వెళ్లాక ఎప్పట్లాగే ఓ మూలన పడేసింది.

ఆ రోజు ఇరవై అంతస్తుల మేడ. బాబాయ్ నడుముకి బెల్టు బిగించుకుని డాబా మీద తాళ్ల కట్లు చూస్తున్నాడు. కింద, మేడ మూల దగ్గర, వేలాడే బల్ల మీద మొగుడూ పెళ్లాం నిలబడి అద్దాలు తుడుస్తున్నారు. పనిలో చేరి వారమే అయింది. బల్లని మోసేది ఒక తాడు. మనిషి నడుం బెల్టుకి తగిలించుకునేది రెండోది. మొదటిది తెగితే ప్రాణం నిలబెట్టేది ఆ రెండోదే.

అది ఇద్దరికీ లేదు.

"అన్నా, మీ తాళ్లేవి?" అంది అమ్మాయి, బాల్చీతో గాల్లో తేలుతూ.

"నువ్వు కట్టుకున్నావా చెల్లెమ్మా? నీకు లేని అడ్డం మాకెందుకు?"

ముగ్గురూ నవ్వుకున్నారు.

ఆ నవ్వు ఆగకముందే పైన ఏదో ఫట్‌మంది.

బల్ల తాడు ఒక కొసన తెగి, బల్ల నిలువునా వాలిపోయింది. భార్య ముందువైపుకి పడింది. భర్త మూల తిరిగి పక్కసందువైపుకి ఎగిరిపోయాడు.

ఎవరి వెనక వెళ్లాలి?

ఆలోచించే వ్యవధి లేదు. కళ్ల ముందున్న మనిషి కోసం దూకింది. ఆరో అంతస్తు దగ్గర అందుకుంది. ఆమెని కింద దించి, పక్కసందులోకి దూసుకుపోయింది. చూడబోయేదేమిటో తెలుసు. దానికి కారణం ఎవరో కూడా తెలుసు.

సందులో, గడ్డిలో, భర్త, ఆ కొత్తాయన, కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు.

"నేను బతికే ఉన్నానా చెల్లెమ్మా?"

ఆమె అతన్ని పట్టి లేపింది. పొదల మీద పడి బతికిపోయాడు కాబోలు అనుకుంది.

జనం విరగబడ్డారు. "ఇద్దర్నీ కాపాడింది! ఇద్దర్నీ!" ఈలలు, చప్పట్లు. అరగంటలో మైకులు వచ్చి మూతి ముందు వాలాయి. "గాలిపిల్లగారూ, ఎలా చేయగలిగారు?"

బాబాయ్ ఎప్పుడు దిగొచ్చాడో, జనం వెనకాల నిలబడి ఉన్నాడు. కోపంగా లేడు. ఆమె ఏం చెబుతుందోనని చూస్తున్నాడు, అంతే.

ఆమె కాళ్లు నేలకి ఆన్చింది.

"నేను కాపాడటం కాదు. వీళ్లు పడిందే నా వల్ల. నేను తాడు కట్టుకోలేదు. నన్ను చూసి వీళ్లూ కట్టుకోలేదు. రేపటి నుంచి తాడు లేకుండా మేడ ఎక్కను. ఎవర్నీ ఎక్కనివ్వను."

చప్పట్లు ఆగిపోయాయి.

ఇక తన పేరు మట్టిలో కలిసిందనే అనుకుంది. కానీ భార్య గుంపుని తోసుకుంటూ వచ్చి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ముఠాలో పెద్దావిడ ఒకరు, "అదీ మేస్త్రీ పెంపకం!" అని అరిచింది. ఈసారి మోగిన చప్పట్లకి మేడ అద్దాలు అదిరాయి.

సాయంత్రం మొగుడూ పెళ్లాం ఇంటికొచ్చారు. లిఫ్టు లేని ఐదో అంతస్తు, ఆయాసపడుతూ ఎక్కారు. బాబాయ్ వాళ్లకి మంచినీళ్లిచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు.

"నీ రుణం తీర్చుకోలేం చెల్లెమ్మా. కానీ ఒక మాట, ఏమనుకోకు," అన్నాడు కొత్తాయన. "ఆడపిల్లవి, నీ చేతులు మరీ అంత గరుకా? వెనకనుంచి చంకల్లో చేతులేసి పట్టుకుంటే చర్మం లేచొచ్చింది."

"నా చేతులా?"

"భయంతో నేను కళ్లు తెరిస్తే ఒట్టు. కానీ నీ బెల్టు కొక్కెం వీపులో ఎలా గుచ్చుకుందో, ఇదిగో చూడు."

చొక్కా ఎత్తి చూపించాడు. వీపు మధ్యన కొక్కెం అచ్చు ఎర్రగా కమిలి ఉంది.

"అన్నా," అంది ఆమె మెల్లగా, "నేనివాళ అసలు బెల్టే పెట్టుకోలేదు."



తలుపు దగ్గర బాబాయ్ చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. బయటికి వెళ్లి, తలుపు దగ్గరగా వేశాడు.

అమ్మాయి చెవులు రిక్కించి వింది. రోజూ ఐదంతస్తుల పొడవునా టపటపమని దిగిపోయే ఆ చెప్పుల చప్పుడు, ఇవాళ ఒక్క మెట్టు మీద కూడా వినిపించలేదు.