చివరి బెంచీ మనిషి

ఆ వాసన ఈ ఆదివారం కూడా వచ్చింది.

చర్చిలో రెండో ఆరాధన నడుస్తోంది. సంఘ పెద్ద కృపాకర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి చూశాడు.

చివరి బెంచీలో, ఫ్యాను కింద, ఆ ముసలాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మెడలో గళ్ళ తువ్వాలు. చొక్కా మీద పసుప్పచ్చని మరకలు.

మల్కాపురం వాళ్ళకి రిఫైనరీ వాసన అలవాటే. ఇది అది కాదు. ఉచ్చ, పుండు, ఫినాయిలు, మాగిన గుడ్డ అన్నీ కలిసిన కంపు.

"కడుపులో తిప్పుతోందండి కృపాకర్ గారూ," అంది ప్రసన్నకుమారి, చెంగు ముక్కుకి ఆనించుకుని. "గుడికొచ్చామో మరుగుదొడ్డికొచ్చామో తెలీటం లేదు."

ఆ రోజు ప్రసంగం విశ్రాంతి దినం మీద. అది యజమానికి మాత్రమే ఇచ్చింది కాదనీ, పనిమనిషికీ, ఎద్దుకీ, గడపలో నిలబడ్డ పరాయివాడికీ కూడా ఇచ్చిందనీ పాస్టరు అయ్యగారు చెబుతున్నారు.

చివరి బెంచీ నుంచి గురక లేచింది.

పిల్లలు కిసుక్కుమన్నారు. అయ్యగారు కూడా నవ్వారు.

"మనం మాట్లాడుకుంటున్నాం. ఆయన ఆచరిస్తున్నాడు."

అందరూ నవ్వారు, కృపాకర్ తప్ప.

ఆరాధన ముగిశాక అతను వెనక్కి వెళ్ళాడు. ముసలాణ్ణి చేత్తో తాకబుద్ధి కాలేదు. కానుకల సంచికున్న పొడుగాటి కర్రతో భుజం మీద పొడిచాడు.

"ఏవయ్యా, ఏ ఊరు నీది?"

"భీమిలి బాబూ."

"అక్కడ గుడుల్లేవా?"

"ఉండే ఉంటాయి. నాను మీ మతపోడ్ని కాదు బాబూ."

"మరిక్కడ నీకేటి పని?"

"పనేటీ నేదు. రేతిరల్లా కునుకు నేదు. ఇలాగే బస్సెక్కితే తూలి పడిపోతన్నాను. ఆ ఫేను కింద కూసేపు కూకుని ఎల్దారని."

"ఇదేమైనా సత్రమా? ఆ చొక్కా చూసుకో. ఒళ్ళు కడుక్కుని రావాలని తెలీదా?"

ముసలాడు తల వంచి తన చొక్కా వాసన తనే చూసుకున్నాడు.

"కడుక్కునే ఒచ్చాను బాబూ. ఇది తొందరగా పోదు."

"అయితే ఇంక రాకు. నేనీ సంఘానికి పెద్దని. కృపాకర్ చెప్పాడంటే చెప్పినట్టే."

ముసలాడు లేవబోయినవాడల్లా ఆగి, అతని ముఖంలోకి చూశాడు.

"కృపాకర్ బాబంటే మీరేనా? ఎక్కడుంటన్నారు బాబూ?"

"ఇక్కడే, సీతమ్మధార. ఏం, ఇంటికొస్తావా?"

"నేదు బాబూ. ఊళ్ళోనే ఉన్నారన్నమాట."

ఆ మాటలో కోపం లేదు. మోస్తున్న మూట దించుకున్నవాడిలా ఊపిరి వదిలాడు. తను కూర్చున్న చోటు తువ్వాలుతో తుడిచి వెళ్ళిపోయాడు.

కృపాకర్ ఆ బెంచీని ఫినాయిలుతో కడిగించాడు.

ఆ సాయంత్రం, ప్రతి ఆదివారంలాగే, గుడి పక్క వీధిలోని చెల్లెలు దీవెనమ్మ ఇంటికి వెళ్ళాడు. తండ్రి యోహాన్ పక్షవాతంతో మంచం పట్టి అక్కడే ఉంటున్నాడు. ఎప్పటిలాగే ఒళ్ళు తుడిపించుకుని, ఉతికిన దుప్పటి మీద, పౌడరు వాసనతో పడుకుని ఉన్నాడు.

కృపాకర్ ప్రార్థన చేసి లేచాడు.

"చిక్కిపోయావే," అన్నాడు చెల్లెలితో.

"వారమంతా ఎలాగున్నా ఆదివారం పేణం లేచొస్తాది అన్నయ్యా. నిద్దరోయి లేచి మొదటి ఆరాధనకెల్తాను గదా."

మరుసటి ఆదివారం చివరి బెంచీ ఖాళీ. వాసన లేదు. కృపాకర్ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

పాట మొదలవుతుండగా ఫోను కదిలింది. దీవెనమ్మ. అతను బయటికి వచ్చాడు.

"అన్నయ్యా, ఓసారి రా. నాన్నని ఒక్కదాన్నే తిప్పలేకపోతన్నాను."

"ఆరాధన వేళ ఇదేం పనే?"

"నాను గుడికే ఎల్లలేదు ఇయ్యాల."

విసుక్కుంటూ వెళ్ళాడు. దీవెనమ్మ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"కామరాజన్న రాలేదు," అంది.

"ఎవరతను?"

"పెద్దాసుపత్రిలో నాన్న పక్క మంచం మీద ఆయన భార్య ఉండేది. ఆవిడ పోయింది. అప్పట్నించీ శనివారం పొద్దుగూకితే బస్సెక్కి ఒచ్చేసేవోడు. తెల్లార్లూ నాన్నని ఎత్తడం, దించడం, పుళ్ళు కడగడం అన్నీ ఆయనే. నాను గుడి నించి ఒచ్చాకే కదిలేవోడు. ఎందుకన్నా అంటే, 'మీ దేవుడే ఒక రోజు పనాపీసేడంట గదమ్మా, నువ్వెంత, పండుకో' అనేవోడు."

కృపాకర్ గడప దగ్గరే చెప్పులు విప్పాడు.

"నీ పేరు చెప్పి, దూరాన ఉజ్జోగంలో ఉన్నావన్నాను అన్నయ్యా ఆయనతో. నిజం చెప్పడానికి నోరు రాలేదు. రాత్రి ఫోన్ చేసి, 'మీ అన్న ఊరొచ్చేసేడమ్మా, నాను సూసేను. ఇంక కొడుకు సేతి మీదుగా జరగనీ, మజ్జిన నానెందుకు' అన్నాడు. మళ్ళీ చేస్తే ఎత్తట్లేదు."

ఆమె మంచానికి అటువైపు వెళ్ళింది.

"దుప్పటి తడిసిపోయింది. నువ్వలా పట్టు."

కృపాకర్ వంగి తండ్రి వీపు కిందికి ఒక చెయ్యి పోనిచ్చాడు. వాసన గుప్పున కొట్టింది.

రుమాలు కోసం జేబులోకి వెళ్ళిన అతని రెండో చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇన్ని ఆదివారాలూ చివరి బెంచీ నుంచి తన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టించింది కన్నతండ్రి మంచం వాసనే.