పెట్రోలు మూత

మా ఇంట్లో అందరి లెక్కలో నేను మతిలేని పిల్లని. కారులో ఇంజిన్ లైటు మూడోసారి వెలగగానే, మెకానిక్ అయిన నాన్న మళ్లీ అదే పాట ఎత్తుకున్నాడు.

“పెట్రోలు మూత బిగించడం చేతకాదు, అందుకే ఆ లైటు. రోజూ పక్కూరికి కారు నడిపి ఉద్యోగం చేస్తావా? ముందు ఆ లైటు ఆరనీ.”

షెడ్డులో లీకులు పట్టే పొగ మిషన్ నేనే తగిలించాను. మూత దగ్గర పొగ రాలేదు. కారు కింద, పెట్రోలు ఆవిరి వెళ్లే రబ్బరు గొట్టంలోంచి వచ్చింది.

పాతబడిన రబ్బరైతే బీటలు వారుతుంది. ఇది బ్లేడుతో తిన్నగా కోసి ఉంది.

“దానివల్ల బండి ఆగదులేవే, లైటు వెలుగుతుందంతే,” అన్నాడు గుమ్మంలోంచి నాన్న.

నేనింకా ఏమీ అడగనేలేదు.

కొత్త గొట్టం వేశాను. లైటు ఆరింది. సోమవారం ఉద్యోగంలో చేరుతున్నాను. రోజూ తిరగను. అక్కడే గది తీసుకుంటాను.