తూకాల కొట్లో ఫిజిక్స్

"మళ్ళీ తప్పే నాన్నా! ఐదు అని రాసి ఊరుకుంటే ఎలా? ఐదేంటి?"

కాటా పళ్ళెం తుడుస్తున్న తండ్రి తల గోక్కున్నాడు. "ఐదంటే ఐదే కదమ్మా."

"ఎవరో కొట్టుకొచ్చి ఐదివ్వమంటే ఇచ్చేస్తావా? కిలోలా, గ్రాములా అని అడగవూ? ఇదీ అంతే. ఐదు న్యూటన్ మీటర్లు. యూనిట్ లేని జవాబుకి మార్కు లేదు."

"అంత గట్టిగా ఎలా చెబుతున్నావే?"

"పోయినేడు నాకు అక్కడే ఆరు మార్కులు పోయాయి కనక," అంది కూతురు చురుగ్గా.

పోయినేడు ఆమె పన్నెండో తరగతి ఫిజిక్స్ తప్పింది నాలుగు మార్కులతో. ఫలితాలు వచ్చిన రోజే ఫిజిక్స్ పుస్తకాలన్నీ పురికొసతో బిగించి, అటక మీద పాడైన కాటాల వెనక్కి విసిరేసింది. మళ్ళీ ఆ పరీక్ష హాలు గడప తొక్కితే ఒట్టు అంది. "ఒట్టు తీసి గట్టున పెట్టవే," అని తల్లి నాలుగు రోజులు బతిమాలింది. తండ్రి బతిమాలలేదు. వద్దన్న సరుకును బలవంతాన అంటగడితే మర్నాడే తిరిగొస్తుందని ఆయనకు ముప్పయ్యేళ్ళుగా తెలుసు.

కూతురు కొట్లో కూర్చోవడం మొదలెట్టింది. వచ్చిన సరుకు దింపించుకుని కాగితాల మీద సంతకాలు పెట్టడం ఆమె పని. "చదవకుండా సంతకం పెట్టకు," అని తండ్రి రోజుకి పదిసార్లు అనేవాడు. పని ఒత్తిడిలో ఆయనే కాగితాల కట్ట ముందుకు తోసి "కానీ, కానీ" అని తొందరపెట్టిన రోజూ ఒకటుంది.

అంతలో తూనికల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. కాటాలు బాగుచేసే లైసెన్సు నిలవాలంటే కొట్టు నడిపేవాళ్ళలో ఒకరైనా పన్నెండో తరగతి ఫిజిక్స్ పాసై ఉండాలట. గడువు ఏడాది. కొట్టుకి ప్రాణమంతా ఆ రిపేరు బల్లే. అది పోతే మిగిలేది షట్టరు.

కూతురు మనసులో లెక్క వేసింది. అమ్మ ఐదో తరగతితో బడి మానేసింది. తను ఒట్టేసుకుంది. ఇద్దరినీ తీసేస్తే మిగిలింది నాన్న.

మర్నాడు పొద్దున్నే తండ్రి అటకెక్కి పుస్తకాల కట్ట దించాడు. "ఫీజు కట్టేశాను. ఇంక వెనక్కి పోయేది లేదు," అన్నాడు దుమ్ము దులుపుతూ. "కాకపోతే ఈ సన్నక్షరాలు నాకు ఆనవు. నువ్వే చదివి చెప్పాలి."

"యాభై రెండేళ్ళకి ఏం తిప్పలొచ్చాయి నాన్నా నీకు!" అని నవ్వింది. తర్వాత రిపేరు బల్ల వైపు చూసింది. "సరే. నిన్ను పాస్ చేయించకపోతే చూడు."

రోజూ కొట్టు తెరిచేలోగా రెండు గంటలు. స్ప్రింగు కాటాకి రాళ్ళు తగిలిస్తూ సాగుడు లెక్కలు చెప్పింది. పొడుగుచేతి కాటా మీద గుండు జరుపుతూ టార్క్ చెప్పింది. రాగి తీగ చుట్టలోకి అయస్కాంతం దూర్చి కరెంటు పుట్టించింది. ఆయన మొద్దు శిష్యుడు. "ఎందుకలా?", "ఎక్కలేదు, మళ్ళీ చెప్పు" తప్ప మూడో మాట రాదు. మూడోసారి చెబుతున్నప్పుడు ఆమెకి ఒక సంగతి తెలిసేది: పోయినేడు అది తనకీ అర్థం కాలేదు, బట్టీ పట్టిందంతే.

చిత్రమేమిటంటే, ఆయన తప్పులన్నీ ఆమెకి పాత చుట్టాలే. యూనిట్లు మింగేయడం, విద్యుత్ ప్రేరణ సూత్రంలో మైనస్ గుర్తు వదిలేయడం, కటకం లెక్కలో దూరాలు తారుమారు చేయడం.

"పిల్లకి మీ పోలిక అనుకున్నా," అంది తల్లి వంటింట్లోంచి. "మీకే పిల్ల పోలిక వచ్చింది!"

పరీక్షకి వారముందు నమూనా పేపరు మధ్యలో ఆయన పెన్ను పడేశాడు. "మూడు గంటల్లో ఇంత ఎవరు రాస్తారే?"

"నేను రాసి చూపిస్తా. గడియారం పెట్టు."

రెండు గంటల నలభై నిమిషాల్లో మొత్తం రాసి ముందు పడేసింది. తండ్రి ఒక్కో పేజీ తిరగేసి, "సరిపోయింది," అన్నాడు. కాటా ముల్లు నడిమధ్య నిలిచినప్పుడు తప్ప ఆయన నోట ఆ మాట రాదు.

పరీక్ష రోజు ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. కూతురు సంచిలో రెండు పెన్నులు, స్కేలు, నీళ్ళ సీసా సర్దింది. దారి పొడుగునా వాయిస్తూనే ఉంది.

"జవాబు రాగానే?"

"యూనిట్."

"ప్రేరణ సూత్రంలో?"

"మైనస్ గుర్తు."

"భయమేస్తోందా నాన్నా?"

"చాలా," అన్నాడు.

"దేనికి? ఇవన్నీ కళ్ళు మూసుకుని రాసేయొచ్చు."

"నువ్వైతే రాసేస్తావా?"

"నాకేం! నిద్రలో లేపి అడిగినా రాస్తా."

"ఆ మాట చాలు తల్లీ," అన్నాడు.

గేటు దగ్గర పిల్లలు బారులు తీరి ఉన్నారు. "హాల్ టికెట్లు చేత్తో పట్టుకోండి!" అని కాపలాదారు అరుస్తున్నాడు. తండ్రి జేబులోంచి కవరు తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"నాకిస్తావేం? నీ జేబులోనే ఉంచుకో," అంది.

"ఈసారైనా చదివి చూసుకోవే. కాగితం ఏదైనా చదవకుండా సంతకం పెట్టకూడదని ఎన్నిసార్లు చెప్పాను?"

ఆమె కవరు విప్పింది.

హాల్ టికెట్ మీద ఉన్నది కూతురి పేరు.