బావ చెవి

"వీడి బేస్ గిటార్ వింటుంటే వంటింట్లో స్టీలు పళ్ళేలు కిందపడ్డట్టుంది. ఈ బృందంలో వాడన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అని తేల్చేశాడు బావ.

వాడంటే ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డ సొంత బావమరిది. రిహార్సల్ గదిలో ఉన్న ఒక్క మంచి కుర్చీలో బావ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. బృందంలో పాటలు పాడే బావ భార్య కిటికీ దగ్గర ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటోంది.

"రెండు గిటార్లూ ఒకటే రకం కదన్నా" అని బృందం లీడరు నీళ్ళు నమిలాడు.

"ఒకటే రకమా? కొన్ననాటి నుంచి నా తీగలు ఒక్కసారి కూడా మార్చలేదయ్యా. ఆ మురికిలో ఉంది నాదమంతా! వీడు చొక్కా మార్చినట్టు తీగలు మారుస్తాడు. వీడూ ఒక బేసు వాయించేవాడే!"

"అయితే తెర కట్టి చూద్దాం బావా" అన్నాడు బావమరిది వినయంగా. "వెనకాల లీడరుగారు రెండూ వాయిస్తారు. ఒకే పాట, ఒకే స్పీకరు. మీ చెవికి ఏది పనికిరాదనిపిస్తే ఆ గిటార్ గలవాడు వెళ్ళిపోవాలి."

బావ పకపకా నవ్వాడు. శ్రుతి చూసుకోమంటే ఆ పని కూడా లీడరు మీదికే తోసేశాడు. పోయిన కచేరీ తర్వాత ఆయన తన గిటార్ పెట్టె మూత తెరిస్తే ఒట్టు. అంతటి విద్వాంసుడికి సాధన దేనికి!

తెర వెనక మొదటి గిటార్ టంగుటంగుమని మోగింది. బావ చెవులు మూసుకున్నాడు.

"ఆపండి బాబూ! ఎవరో అంట్లు తోముతున్నారు. వీడిదే, అనుమానం లేదు. ఈ డబ్బా మోగించేవాడికి సిగ్గుండాలి."

రెండోది మొదలైంది. మందంగా, మెత్తగా, కాళ్ళ కింద నేల అదిరేలా ఉంది. బావకి కళ్ళు వాటంతటవే మూతబడ్డాయి.

"అదీ! అదీ నాదమంటే! కన్నతల్లికి బిడ్డ గొంతు తెలీదా? ఇది నాది."

"తొందరపడకండన్నా, ఇంకోసారి వాయిస్తాను" అన్నాడు లీడరు తెర వెనక నుంచి. గొంతు ఎందుకో తడబడింది.

"అక్కర్లేదు. మొదటిది ఎవడిదైతే వాడు ఇప్పుడే ఈ గుమ్మం దాటాలి. ఇక ఈ మాటకి తిరుగులేదు." భార్య వైపు తిరిగాడు. "నీ తమ్ముడని మొహమాటపడను, ముందే చెబుతున్నా."

"పడకండి" అందావిడ.

లీడరు తెర పక్కకి లాగాడు. మొదట వాయించిన గిటార్ ఇంకా స్పీకరు పక్కనే ఉంది. నల్లటిది. దాని వెనక బావ పేరు పెద్దక్షరాలతో రాసున్న పెట్టె నోరు తెరుచుకుని ఉంది. గిటార్ మీద తీగలు తళతళా మెరుస్తున్నాయి.

బావ కుర్చీలోంచి దిగ్గున లేచాడు. "ఇవి నావి కావు! నా తీగలేవి?"

బావమరిది తలవంచుకుని, లీడరు చేతిలో ఉన్న తన గిటార్ తీగల మీది మురికిని ఆప్యాయంగా నిమిరాడు.

"పోయిన వారం తమ్ముడు మనింటికొచ్చి వాడి కొత్త తీగలు మీ గిటార్‌కి బిగించి, మీ పాతవి పట్టుకెళ్ళి వాడి గిటార్‌కి వేసుకున్నాడండీ" అంది భార్య, టీ ఊదుకుంటూ. "మీరు పెట్టె తీసినప్పుడు చెబుదామని అప్పట్నుంచీ చూస్తూనే ఉన్నా."