అమ్మమ్మ ఎత్తుకున్న పిల్ల

"అన్నిటికీ నో అనాలమ్మా. టెర్రరిస్టువా అంటే నో. జైలుకెళ్ళావా అంటే నో. మర్చిపోకు."

ఇమిగ్రేషన్ ఆఫీసు ముందు కారు పార్క్ చేస్తూ ఉమామహేశ్వరి పదోసారి చెప్పింది. పక్క సీట్లో ఆమె తల్లి నూకరత్నం శాలువా కప్పుకుని, అద్దం మీద పడుతున్న మంచును చూస్తోంది. కాగితాల ప్రకారం ఆమెకు ఎనభై ఏడేళ్ళు. అమెరికాలోని అరోరాలో కూతురి దగ్గరికి వచ్చి ఇరవై రెండేళ్ళు దాటింది. సిటిజెన్‌షిప్ మాటెత్తితే ఇన్నాళ్ళూ వద్దంటూనే వచ్చింది. ఈ మధ్య వార్తలు చూసి చూసి ఉమామహేశ్వరే భయపడి అప్లై చేయించింది.

"ఈ వయసులో నాకెందుకే ఇయ్యన్నీ?"

"రేపెవరైనా గ్రీన్‌కార్డ్ చెల్లదు, పొమ్మంటే?"

"పొమ్మంటే పోతాను. ఒక్కదాన్నీ ఉండిపోడం నాకు కొత్తేటి?"

నాన్న పోయాక వైజాగ్‌లో ఒంటరిగా గడిపిన ఏళ్ళ గురించి అంటోందనుకుని, ఉమామహేశ్వరి కారు దిగి తల్లి వైపు తలుపు తీసింది.

లోపల ఆఫీసర్ కుర్రవాడు, నెమ్మదస్తుడు. పెద్దవయసు కాబట్టి నూకరత్నం తెలుగులోనే జవాబు చెప్పవచ్చన్నాడు. కూతురు దుబాసీగా ఉండటానికి ఒప్పుకున్నాడు. నిజమే చెబుతానని తల్లి, చెప్పింది చెప్పినట్టు ఇంగ్లిష్‌లో చెబుతానని కూతురు, కుడిచేతులెత్తి ప్రమాణం చేశారు.

"పుట్టిన ఊరు రంగూన్ అని ఉంది. ఇండియాకి ఎప్పుడు వచ్చారు?" అని అడిగాడు ఆఫీసర్.

ఉమామహేశ్వరి తల్లిని అడగనైనా అడగలేదు. "యుద్ధంలోనండి. నడిచి వచ్చారు" అని తనే మొదలుపెట్టింది. ఆ కథ ఆమెకు నోటికి వచ్చు.

తాతయ్య రంగూన్‌లో ధాన్యం మిల్లు కూలీ. జపాను వాళ్ళ బాంబులు పడిన రోజు రేవుకు బస్తాలు మోయడానికి వెళ్ళి తిరిగి రాలేదు. అమ్మమ్మ ఇద్దరు ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని, వేలమంది తెలుగు కూలీలతో పాటు కొండదారి పట్టింది. పెద్దది పైడితల్లికి ఆరేళ్ళు. చిన్నది నూకరత్నానికి నాలుగు. తొమ్మిదో రోజుకు పిల్లలిద్దరికీ జ్వరం. ఇద్దరినీ మోసే సత్తువ తల్లికి లేదు. పెద్దదాన్ని వెదురుపొద కింద కూర్చోబెట్టి, చేతికి నీళ్ళడబ్బా ఇచ్చి, "ఇక్కడే ఉండు, వచ్చేస్తాను" అంది. చిన్నదాన్ని చంకనేసుకుని వెళ్ళిపోయింది.

ఈ సంగతి చెప్పేటప్పుడు నూకరత్నం ఎన్నడూ ఏడ్చేది కాదు. "ఎర్రకోక. మలుపు తిరిగిందాకా కనబడతానే ఉంది. ఒక్కసారైనా ఎనక్కి తిరిగి సూళ్ళేదు" అనేది. అంత చిన్నప్పటి సంగతి అంత బాగా ఎలా గుర్తుందా అని ఉమామహేశ్వరి ఆశ్చర్యపోయేది.

అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ నూకరత్నాన్ని పల్లెత్తు మాట అనలేదు. కంచంలో తొలి ముద్ద ఆమెకే. "రత్నం, ఓ రత్నం" అని రోజుకి నూరుసార్లు పిలిచేది. నూకరత్నం రెండోసారికి గాని పలికేది కాదు. అమ్మమ్మ పోయిన రోజున కన్నీటి చుక్క రాల్చలేదు.

"నిన్ను మోసుకొచ్చి బతికించిన తల్లి కదమ్మా. ఇంత రాయివేంటి నువ్వు?" అని ఆ రోజు ఉమామహేశ్వరి కోప్పడింది. నూకరత్నం లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

కథంతా విని ఆఫీసర్ రెండు ముక్కలు టైపు చేసుకున్నాడు. తర్వాత "ఇక జవాబులు ఆవిణ్ణే చెప్పనివ్వండి మేడమ్" అన్నాడు. "ఎప్పుడైనా వేరే పేరు ఉండేదేమో అడగండి."

ఉమామహేశ్వరి తెలుగులో అడిగింది. అడిగి, నో అనమన్నట్టు తలూపింది.

నూకరత్నం నో అనలేదు. ఒళ్ళో ఉన్న చేతులకేసి చూసుకుంది.

"పైడితల్లి" అంది.

ఉమామహేశ్వరి ముందుకు వంగింది. "సారీ ఆఫీసర్, అది వాళ్ళ చనిపోయిన అక్క పేరు. వయసైంది కదా, కన్‌ఫ్యూజ్ అవుతోంది" అని ఇంగ్లిష్‌లో గబగబా చెప్పి, తల్లి వైపు తిరిగింది. "అది పెద్దమ్మ పేరమ్మా. సరిగ్గా చెప్పు. ఫైల్ ఆపేస్తారు."

"నిజిమే సెప్తానని ఒట్టేయించినారు కదే."

"నిజమే చెప్పు మరి. పెద్దమ్మ ఆ పొద దగ్గరే పోయింది కదా?"

"పోలేదు. ఎనకాలొచ్చిన బండోళ్ళు ఎక్కించుకున్నారు. మూడోనాడు కేంపులో మాయమ్మకి అప్పజెప్పినారు."

ఆఫీసర్ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. తర్జుమా చేయాలన్న సంగతే ఉమామహేశ్వరి మర్చిపోయింది. పెద్దమ్మ బతికే ఉందా? ఇన్నేళ్ళూ ఎందుకు దాచారు?

"మరి ఏమైపోయిందమ్మా ఆవిడ? ఎక్కడుంది?"

నూకరత్నం తలెత్తి కూతురి కళ్ళలోకి చూసింది.

"పొదకాడ ఒగ్గీసిన పిల్ల మొకం సూడలేక, సంకలోనే సచ్చిపోయిన రత్నం పేరెట్టి నన్ను పిలిసింది మాయమ్మ."